మొక్కిన జుట్టు

జూన్ 3, మంగళవారం

ఈరోజే కత్తిరించుకున్నాను, మంగళవారమని తెలిసే. బోరబండ మొత్తంలో కత్తెర ఆడని రోజు. నా కొత్త ట్రిమ్మర్‌కు సెలవు లేదు. శంకర్ సెలూన్‌లో ఏసీ పెట్టించాడట, అందుకని కటింగ్ రేటు పెంచాడట. "ఏసీ బంద్ చేసి కొయ్యి, పాత రేటే ఇస్త" అన్నాను నిన్న. నవ్వాడు, తగ్గలేదు. చల్లగాలికి నా తల ఎందుకు కిరాయి కట్టాలి... నా భార్య పద్మ మెడ మీద గడ్డకు స్కానింగు, సూది పరీక్ష - ఉన్నదంతా దవాఖానకే పోయింది. రిపోర్టు సోమవారం ఇస్తారట.

అద్దంలో ముందు భాగం బాగానే వచ్చింది. వెనక చూడలేదు.

జూన్ 4

వెనక సంగతి నా క్యాబ్ ఎక్కిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి చెప్పింది. కాకినాడ పిల్ల, మర్యాద ఎక్కువ. "ఏమీ అనుకోకండి అన్నా... వెనకాల ఎలక కొరికినట్టుందండి."

"కొత్త స్టైలమ్మా. మీ ఆఫీసుకు వచ్చే నెల వస్తది."

సిగ్నల్ దగ్గర ఫోటో తీసి చూపించింది. ఎలక కాదు, పందికొక్కు.

జూన్ 5

మొత్తం గీసేశాను. గుండు. పద్మ చందానగర్‌లో చెల్లెలింట్లో ఉంది, రేపు వస్తుంది. చూసి పడీపడీ నవ్వుతుంది.

జూన్ 6, శుక్రవారం

ఏమైందని ఒక్కరూ అడగరు. గుండు కనబడితే చాలు - "తిరుపతి పోయొచ్చినవా?" శంకరే మొదలుపెట్టాడు, షాపు మెట్ల మీద నిలబడి. నా నోరు ఊరుకుంటుందా.

"పోయిన. దర్శనం మస్తుగైంది."

"మరి లడ్డు ఏదన్నా?"

అక్కడ ఇరుక్కున్నాను. ఇరుక్కుంటే వెనక్కి తగ్గే రకమా నేను? మిఠాయి దుకాణంలో బూందీ లడ్డూలు కొని, చిదిపి, పచ్చకర్పూరం కలిపి గల్లీ అంతా పంచాను. శంకర్ కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. "గీ వాసన ఇంకెక్కడ రాదన్నా." నవ్వు ఆపుకోలేక పక్కకు పోయి దగ్గాను. ఏసీకి చెల్లు.

సాయంత్రం పద్మ వచ్చింది. తల చూసింది. చేతిలో సంచి కింద పెట్టలేదు. లడ్డూ కథంతా చెప్పాను.

"ఎవల్నడిగి తీసినవ్?"

"నా నెత్తి, నా ఇష్టం..."

"నీది కాదు. నేను మొక్కిన. గడ్డ మంచిదే అని రిపోర్టు వస్తే, నీ జుట్టు కొండ మీద ఇప్పిస్త అని."

నాకెందుకు చెప్పలేదంటే - "చెప్తే నవ్వుతవని."

నవ్వేవాణ్ణే.

జూన్ 7

అన్నం పెడుతుంది. మాట పెట్టదు.

జూన్ 8, ఆదివారం

ఆమె స్నానానికి వెళ్లగానే దేవుడి పటం ముందు నిలబడ్డాను. దండం పెట్టలేదు. గీసింది నేను. కోపముంటే నా మీద చూపించు, నా మెడ కూడా మెడే. ఆమె జోలికి రాకు. జుట్టే కదా - పెంచి ఇస్తాను. వడ్డీ కూడా వేసుకో. వడ్డీకాసులవాడివి, నీకు నేను నేర్పాలా?

మధ్యాహ్నం శంకర్ వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. "నా వంతుల జర దాచిన. వదినకు పెట్టు, మంచిగైతది." తలెత్తి వాడి ముఖం చూడలేకపోయాను. వాడు వెళ్లాక పద్మ పొట్లం విప్పింది, కళ్లకద్దుకుంది, తిన్నది.

"అది దుకాణందే..."

"తెలుసు. శంకర్‌కు తెల్వదు గద."

రెండు రోజులకు ఇదే మొదటి మాట.

జూన్ 9, సోమవారం

దవాఖాన బెంచీ మీద రాస్తున్నాను. పద్మ పక్కనే. ఇందాక నా గుండు మీద అరచెయ్యి పెట్టి రుద్దింది. గరగర.

"మొలుస్తది" అంది.

"మొలవనీ. భుజాల దాకా పెంచుత. రిపోర్టు ఎట్లొచ్చినా ఇస్త."

"ఎట్లొచ్చినా ఇచ్చేది మొక్కెట్లైతది?"

"మొక్కు నీది. ఇది నా మొండితనం. ఇద్దరం పోతం, వాళ్లు గీస్తుంటే నువ్వు పక్కన నిలవడి చూడాలె."

నా తల మీంచి చెయ్యి తియ్యలేదు.

అద్దాల తలుపు తెరిచి ఆమె పేరు పిలుస్తున్నారు. లేచింది... పెన్ను జేబులో పెడుతున్నా.