క్లెమ్ బుగ్గమీద వేలు

అజూసా, కాలిఫోర్నియా
1986 అక్టోబరు 12, ఆదివారం

నొరీన్‌కు,

ప్రభువు కృప నీకూ నీ ఇంటివారికీ తోడుండాలని ప్రార్థిస్తూ, మీ అమ్మతో ఒకప్పుడు కలిసి పనిచేసిన ఆర్డిస్ లిండ్‌క్విస్ట్ రాస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళు తప్ప.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. వచ్చిన రోజే చదివాను. బైబిల్లో పెట్టి, రోజూ తీసి, చదివి, మళ్ళీ అక్కడే పెడుతూ వచ్చాను. జవాబు ఏం రాయాలో తెలియక కాదు, తెలిసే. ఇవాళ చర్చిలో జరిగింది చూశాక ఇంక రాయకుండా ఉండలేకపోయాను.

మా పాస్టరుగారు ప్రసంగం మధ్యలో కోటు జేబులోంచి తన మనవడి రబ్బరు క్లెమ్ బొమ్మని తీసి పైకెత్తారు. నీలం ఒళ్ళు, ఒంటిచెవి, ఎడమ బుగ్గమీద సొట్ట. పిల్లలంతా కిసుక్కున నవ్వారు. "ఈ సొట్ట చూశారా? వీణ్ణి చేసినాయన ప్రతి బొమ్మనీ తన బొటనవేలితో ఇలా నొక్కి, అప్పుడుగానీ బల్లమీద నిలబెట్టేవాడు కాదట. మనం కూడా మట్టివాళ్ళమే, మనమీదా మన కుమ్మరి వేలిగుర్తు ఉంది" అన్నారు. అందరూ తలలూపారు. పక్కనున్న మిసెస్ ఎక్‌డాల్ నన్ను మోచేత్తో పొడిచి, "ఆర్డిస్, నువ్వు ఆ స్టూడియోలోనే పనిచేశావుగా, ఆయన నొక్కుతుంటే చూశావా?" అంది. పాట ఏ పేజీ అని అడిగి తప్పించుకున్నాను. ఇంటికొచ్చి టోపీ కూడా తీయకుండా ఈ కాగితాల ముందు కూర్చున్నాను.

నువ్వు నన్ను అడిగింది ఒక్కటే. మా అమ్మ అబద్ధం చెప్పిందా?

లేదమ్మా. క్లెమ్ బుగ్గమీద ఉన్నది మీ అమ్మ వేలే.

ఇది మొదటి లైనులోనే రాసి ఉండాల్సింది. సూటిగా చెప్పడం నాకు అలవాటు లేదు. ఇక అది ఎలా జరిగిందో చెబుతాను, ఎందుకంటే ఈ మాట ఒక్కటీ నీకు చాలదని నాకు తెలుసు.

నేను చేరింది 1956లో, హైస్కూలు అయిన రెండేళ్ళకు. నారింజపళ్ళు పెట్టెలకెత్తే పాత షెడ్డులో మిస్టర్ థేయర్ దీపాలూ కెమెరా పెట్టుకుని, మట్టిబొమ్మని కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో ఫొటో తీసి, టీవీకి క్లెమ్ బొమ్మల కథలు తయారుచేసేవారు. మేం ఆరుగురం. వేసవిలో ఆ దీపాల కింద మనుషులమే కరిగేవాళ్ళం, ఇక మన్ను సంగతి చెప్పేదేముంది. అది నూనె కలిపిన మన్ను, ఎండదు కానీ మెత్తబడి జారిపోతుంది. అందుకని పదిసార్లు కదిపాక ఒక క్లెమ్‌ని తీసేసి, అచ్చులోంచి తీసిన కొత్త క్లెమ్‌ని పెట్టేవాళ్ళం. పాతవాణ్ణి పిసికి మళ్ళీ తొట్టిలో వేసేయడమే. కెమెరా ముందుకు వెళ్ళేముందు ప్రతి బొమ్మనీ కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో తుడిచి వేలిముద్రలు లేకుండా చేయాలి. అది మొదటి నియమం. గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది.

మీ అమ్మ వెర్నా అచ్చుల దగ్గర. నేను తుడిచే దగ్గర. తనకు ఇరవై ఎనిమిది, నాకు ఇరవై. నన్ను ఎప్పుడూ పేరుపెట్టి పిలవలేదు, "పిల్లా" అనేది. "పిల్లా, వీణ్ణి తుడువు, ముక్కు మాత్రం ఉంచు, కిందటివాడికి తుడిచేశావు" అనేది.

ఆగస్టులో ఒకరోజు మీ పక్కింటావిడ నుంచి ఫోను, నీకు దగ్గు ముంచుకొచ్చి ఊపిరాడడం లేదని. నీకు నాలుగేళ్ళు. మీ అమ్మ చేతిలో ఉన్న క్లెమ్‌ని బుగ్గపట్టుకుని అలాగే బల్లమీద నిలబెట్టి పరిగెత్తింది. నేనూ వెనకాలే బండిదాకా వెళ్ళాను. తుడవలేదు. మేం లేనప్పుడు వాళ్ళు ఆ బొమ్మతోనే తీసుకుపోయారు. ఫిల్ము కడిగి వచ్చాక తెరమీద వేసి చూస్తే, బుగ్గమీద వాష్‌బేసిన్ అంత సొట్ట. మళ్ళీ తీయడానికి ఫిల్ము లేదు, టీవీ వాళ్ళకు ఇచ్చే రోజు దాటిపోతోంది. మిస్టర్ థేయర్ ఆ ముక్కని ఇంకోసారి వేయించుకుని చూశారు. చివరికి, "సరే, వీడు పుట్టుకతోనే సొట్టబుగ్గవాడు" అన్నారు.

అప్పట్నుంచి ప్రతి క్లెమ్‌కీ సొట్ట పెట్టాలి. అదీ అదే సొట్ట. నేను నొక్కితే గుంట పడేది. మిస్టర్ థేయర్ నొక్కితే చెంప లోపలికి పోయి పన్ను పీకించుకున్నవాడిలా ఉండేది. మీ అమ్మ ఎడమ బొటనవేలు నీకు గుర్తుందా? చిన్నప్పుడు పండ్లపెట్టె మూత పడి ఒకపక్క నలిగి బల్లపరుపుగా అయిపోయింది. ఆ వేలు పడితేనే సొట్టకు ఒకపక్క అంచు తిన్నగా వచ్చేది, వాడు ఏదో గుట్టు దాచుకుని నవ్వుతున్నట్టుండేది. పిల్లలు ప్రేమించింది దాన్నే. నాలుగేళ్ళు, వేల క్లెమ్‌లు, అన్నింటికీ మీ అమ్మే. ఉదయం వరసగా అరవైమందిని నిలబెట్టి, పోలియో చుక్కలు వేసే నర్సులా ఒక్కొక్కణ్ణీ నొక్కుకుంటూ పోయేది. "ఏడవకు, నీకూ అంతే, వాడికీ అంతే" అంటూ.

నువ్వు ఆ పాత బొమ్మకథలు టీవీలో ఇప్పటికీ చూడొచ్చు. శనివారం పొద్దున వేస్తున్నారు. మొదటి నాలుగేళ్ళవి చూడు. సొట్టకు కుడిపక్క గీత గీసినట్టు ఉంటుంది. నీకు నా మాట అక్కర్లేదు, నీ కళ్ళకు ఆ వేలు తెలుసు.

మీ అమ్మను ఎందుకు తీసేశారో కూడా నీకు తప్పుగానే తెలిసింది. దొంగతనం చేసిందని నువ్వు విన్నది నిజం కాదు. 1960 వసంతంలో ఒక పత్రికవాడు వచ్చి ఆ సొట్ట ఎవరు పెడతారని అడిగాడు. మీ అమ్మ బొటనవేలు పైకెత్తి, "ఇదిగో ఈయన. పెళ్ళికాలేదు, మీకు తెలిసిన పిల్ల ఉంటే చెప్పండి" అంది. అందరం నవ్వాం. వారం తర్వాత పత్రికలో మిస్టర్ థేయర్ క్లెమ్ బుగ్గ నొక్కుతున్న ఫొటో వచ్చింది. మీ అమ్మ దాన్ని గోడకు అంటించి, దానికింద ఆయన నొక్కిన, పన్ను పీకించుకున్నట్టుండే క్లెమ్‌ని నిలబెట్టింది. ఆయన వచ్చి చూశారు. ఆయన చెడ్డవాడు కాదు నొరీన్. కానీ ఆయనకు నవ్వు పడదు. "ఒక బొమ్మకు ఒక తండ్రే ఉండాలి వెర్నా, పిల్లలు అలాగే నమ్మాలి" అన్నారు. "తండ్రి మీరే లెండి. తల్లి ఒకతి ఉంటుంది కదా ఎక్కడో" అంది మీ అమ్మ. శుక్రవారం తన చెక్కు చేతికిచ్చి ఇక రావద్దన్నారు.

సోమవారం నుంచి నన్ను నొక్కమన్నారు. బయట ఎక్కడా చెప్పవద్దన్నారు. నేను నొక్కాను. ఎనిమిదేళ్ళు, ఆ షెడ్డు మూసేసేదాకా. సొట్ట గుండ్రం అయిపోయింది. ఇప్పుడు ఒక పత్రిక కుర్రవాడు నాకు ఫోనుచేసి, "పాత సొట్ట, కొత్త సొట్ట అని మా అభిమానుల్లో రెండు పార్టీలున్నాయండి, పెద్దాయన వేలికి దెబ్బ తగిలిందా?" అని అడుగుతాడు. కాలేజీ పిల్లలు క్లెమ్ చొక్కాలేసుకుని, కలిసినప్పుడు ఒకరి బుగ్గ ఒకరు నొక్కుకుంటున్నారు. మ్యూజియంలో అద్దాలపెట్టెలో ఒక క్లెమ్‌ని పెట్టి, చేసినవారి వేలిముద్రతో సహా అని చీటీ తగిలించారు. అది నా వేలు. వెళ్ళి చూశాను. చూసి ఇంటికొచ్చేశాను.

అమ్మను పాతిపెట్టి వచ్చి మోటెల్లో టీవీ పెడితే, రాత్రిపూట హాస్య కార్యక్రమంలో ఒకడు ఒంటికి నీలంరంగు పూసుకుని ముసలి క్లెమ్‌లా బారులో కూర్చుని, తాగి, బుగ్గ చూపించి వచ్చేపోయేవాళ్ళను నొక్కమని దేబిరించాడని రాశావు. జనమంతా పడి నవ్వుతుంటే నువ్వు స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నానన్నావు.

నువ్వు రాసిన మిగతాది కూడా చదివాను. తొమ్మిదేళ్ళప్పుడు క్లాసులో ఆ వేలు మా అమ్మదని చెప్పావు. ఎవరూ నమ్మలేదు. నువ్వే క్లెమ్‌కి ఉత్తరం రాశావు. స్టూడియో నుంచి క్లెమ్ పేరుతో జవాబు వచ్చింది, మీ టీచరు దాన్ని పైకి చదివింది. నా బుగ్గమీద ఉన్నది మిస్టర్ థేయర్ వేలు, ఇంకెవరిదీ కాదు, పెద్దవాళ్ళు అప్పుడప్పుడు సరదాకి కథలు చెబుతారు అని. నువ్వు ఇంటికెళ్ళి ఆ కాగితం మీ అమ్మ ముందు పడేసి, నువ్వు అబద్ధాలకోరువి అన్నావు. మీ అమ్మ దాన్ని చాలాసేపు చూసి ఒక్కమాట కూడా అనలేదనీ, తర్వాత అది కనిపించలేదనీ, సిగ్గుతో చింపేసి ఉంటుందనీ రాశావు. ఆరోజు నుంచి ఆవిడ ఏం చెప్పినా సగమే నమ్మానన్నావు. మీ నాన్న గురించి చెప్పినదీ, తన గురించి చెప్పినదీ. కిందటి జనవరిలో ఫోనుచేసి నాకు ఒంట్లో బాగాలేదు, ఒకసారి రా అంటే, ఇదీ అలాంటిదే అనుకుని వెళ్ళలేదన్నావు.

అమ్మా, నువ్వు నిన్ను నువ్వు శిక్షించుకుంటున్నావు. తొమ్మిదేళ్ళ పిల్ల టైపుచేసి వచ్చిన కాగితాన్ని నమ్మడం తప్పుకాదు. మీ అమ్మ నిజం చెప్పింది. జనవరిలోనూ నిజమే చెప్పింది. అప్పుడు నువ్వు నమ్మకపోవడానికి కారణం నువ్వు కాదు, మీ అమ్మా కాదు.

పత్రిక కుర్రవాడికీ మ్యూజియం వాళ్ళకూ విడిగా రాసి సంతకం పెట్టాను. మొదటి నాలుగేళ్ళ వేలు వెర్నా ప్రూయిట్‌ది, తర్వాతది నాది అని. రేపు పోస్టులో వేస్తాను. మా పాస్టరుగారికి మంగళవారం చెబుతాను. ఆయన నొచ్చుకుంటారు, ఆ ప్రసంగం బాగా కుదిరిందని సంతోషంగా ఉన్నారు.

దేవుడు నిన్ను ఆదరించుగాక.

ఆర్డిస్ లిండ్‌క్విస్ట్

తా.క. సంతకం పెట్టాక రెండుసార్లు కవరు అంటించబోయి ఆగాను. ఈ కాగితం కూడా దానిలో పెడుతున్నాను.

మధ్యాహ్నాలు పిల్లల ఉత్తరాలకు క్లెమ్ పేరుతో జవాబులు టైపుచేసే పని నాదే. నీకు వచ్చిన జవాబు నేను రాసింది. మిస్టర్ థేయర్ నీ ఉత్తరం చూడనేలేదు. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు. కవరుమీద ప్రూయిట్ అని చూడగానే నువ్వెవరో తెలిసింది. జవాబు రాయకుండా వదిలేసి ఉండొచ్చు, సగం ఉత్తరాలకు రాసేవాళ్ళమే కాదు. అప్పటికి ఏడాదిన్నరగా రోజూ నా వేలు నొప్పిపుట్టేలా నొక్కుతున్నాను, అది నాదని మా అమ్మతో కూడా చెప్పుకోలేదు. నువ్వేమో పెన్సిల్‌తో, తప్పుల్లేకుండా, నీ బుగ్గమీద ఉన్నది మా అమ్మ వేలే కదా అని రాశావు. నాకు అసూయ కలిగింది. ఇంతకంటే మంచి కారణం ఉంటే బాగుండునని పాతికేళ్ళు వెతికాను. లేదు.

అలాంటి ఉత్తరాల కింద సంతకానికి బదులు స్టాంపు ప్యాడ్‌మీద వేలు అద్ది క్లెమ్ గుర్తు అని వేసేదాన్ని. నీదానికీ వేశాను. మీ అమ్మ దాన్ని చూడగానే పోల్చుకుంది. నాలుగేళ్ళు నా పక్కన కూర్చుని, నేను నొక్కి పాడుచేసిన బొమ్మలన్నీ చూసింది కదా. చింపలేదు నొరీన్. నాకు తిప్పి పంపింది. అడుగున తన చేత్తో ఇలా రాసింది: "పిల్లా, ఇంట్లో సంగతి నేను చూసుకుంటాలే. నీ ఉద్యోగం జాగ్రత్త."

మీ అమ్మ నా పేరు నీకు చెప్పి ఉంటే నువ్వు నమ్మేదానివి. టీచరు స్టూడియోకి రాసేది, నన్ను తీసేసేవాళ్ళు. అప్పట్లో మా అమ్మ మంచాన పడి ఉంది, నా జీతమే ఆధారం. మీ అమ్మకు ఆ సంగతి తెలుసు. ఇంత పెద్దదవుతుందని తనూ అనుకొని ఉండదు. పిల్లవే కదా, నాలుగురోజుల్లో మరిచిపోతావనుకుని ఉంటుంది.

ఆమెకు నేను జవాబు రాయలేదు. అప్పుడూ, తర్వాతా.

ఆ ఉత్తరం ఈ కవరులోనే ఉంది. నీకు చేరవలసిందే. నన్ను క్షమించమని అడగడం లేదు, అడిగే హక్కు ఉందనుకోను. వేలి సంగతి లోకమంతటికీ చెప్పు, దానికి నా సంతకం ఉంది. ఈ ఒక్క కాగితమూ, మీ అమ్మ రాసిన ఆ రెండు ముక్కలూ మాత్రం నీ దగ్గరే దాచుకో. ఎవరికీ చూపించకు. నా పరువు కోసం కాదు. మీ అమ్మ చూపించలేదు.