రెండో మోతాదు

బహదూర్‌పురా,
1938 జూలై 9

ప్రియమైన ఆగమ్మకు,

ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. అన్నం రోజూ అడుగంటుతోంది, అంతకు మించి కష్టమేమీ లేదు. మీ అమ్మ నడుం నొప్పి ఎలా ఉంది? దీనమ్మ నన్ను అడుగుతోందా, లేక అమ్మమ్మ చేతి బెల్లం ముక్క దొరికేసరికి బాపును మరిచే పోయిందా? మెదక్ గాలికి దాని బుగ్గలు ఎంత నిండాయో రాయి.

డాక్టరుగారు పల్లెల్లో పశువులకు సూదులు వెయ్యడానికి వెళ్లి నెల దాటింది. పశువుల దవాఖానా మొత్తం నా నెత్తి మీదే ఉంది. కంపౌండరునని ఎవరూ అనుకోవడం లేదు, అందరూ డాక్టర్ సాబ్ అంటున్నారు. నేనూ వద్దనడం లేదు. నవ్వకు.

మొన్న మంగళవారం కిషన్‌బాగ్ నుంచి అజ్మత్ అలీ అనే పెద్దాయన దుప్పటి కప్పిన పంజరం పట్టుకొని వచ్చాడు. ఆయన కొడుకు మొహియుద్దీన్‌కు గాజుల దుకాణం ఉంది. లోపల రామచిలక. దానికి మాటలు రావు, అజ్మత్ అలీ చాచా దగ్గినట్టు దగ్గడం మాత్రం వచ్చు. గింజలు తింటుందట గాని ఒంటికి పట్టడం లేదట. ఈకలు రేగి ఉన్నాయి, రెట్ట నీళ్లలా ఉంది, చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తిలా తగిలింది. వీధిలో వాళ్లు చెప్పిన పచ్చిమిర్చి, వేపాకు, తాయెత్తు అన్నీ అయ్యాకనే నా దగ్గరికి వచ్చాడు.

రెట్ట కొంచెం తీసి, ఇక కరగనంత ఉప్పు కలిపిన నీళ్లలో కలిపి, చిన్న సీసా నిండా పోసి, మూతి మీద గాజుపలక పెట్టాను. పురుగుల గుడ్లు తేలిక కదా, పైకి తేలి పలకకు అంటుకుంటాయి. అరగంట తర్వాత ఆ పలకను మైక్రోస్కోప్ కింద పెడితే, కోలగా, మందపు పెంకుతో, గుడ్లే గుడ్లు. చాచాను కూడా చూడమన్నాను. ఆయన ఒక కన్ను మూసి, తర్వాత రెండోది కూడా మూసి, "ఏం కనబడ్తలేదు బేటా" అన్నాడు.

రాత్రి చిలకకు మేత పెట్టొద్దని చెప్పి, గురువారం పొద్దున మందు తీసుకొని వాళ్లింటికి వెళ్లాను. మొహియుద్దీన్ భార్య ఇక్బాలున్నీసా పరదా వెనక నుంచే మాట్లాడింది.

"ఇస్సాకు భాయ్, దానికి మందు వెయ్యకు."

"కడుపుల పురుగులున్నయి ఆపా. వెయ్యకుంటె చస్తది."

"చావనియ్. నా ఖదీజా ఇరవై దినాలు మియాదీ జ్వరంల పడ్డది. హకీం సాబ్ ఆశ లేదన్నడు. చిలక ఈకలు రేపుకొని మూలకు కూసున్న దినమే నా బిడ్డ కండ్లు తెరిసింది. బిడ్డ మీది బలా, ఆ పీడ, దాని మీదికి పోయింది. నువ్వు దానికి నయం జేస్తె ఆ బలా మళ్ల యాడికి పోతది, చెప్పు?"

ఖదీజాకు తొమ్మిదేళ్లు, టైఫాయిడ్ నుంచి ఇప్పుడిప్పుడే లేస్తోంది. పరదా సందులోంచి కనిపించింది, దిండుకు ఆనుకొని గంజి తాగుతోంది. నాకు లోపల నవ్వొచ్చింది ఆగమ్మా. మన పాస్టరుగారు వింటే గంటసేపు ప్రసంగం చేసేవాడు. "ఇది మందు గాదు ఆపా, వట్టి చక్కెర నీళ్లు. దానికి దూపైతుంది" అన్నాను. చాచా గడ్డం సవరించుకుంటూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆముదంలో కలిపిన సాంటోనిన్ పొడిని రబ్బరు గొట్టంతో చిలక గొంతులోకి దించి వచ్చాను.

ఈ మందు పెద్ద పురుగులను చంపుతుంది. పిల్లపురుగులు తప్పించుకొని పెరుగుతాయి కనుక మూడు వారాలకు రెండో మోతాదు వెయ్యాలి. పంజరం మాత్రం రోజూ మరిగే నీళ్లతో కడగాలి, లేకపోతే తన రెట్టలోని గుడ్లు తానే మళ్లీ తింటుంది. అదంతా చాచాకు చెప్పాను. ఒక ప్రాణం నిలబెట్టానని సంతోషంగా ఉంది. దీనమ్మకు ముద్దులు.

నీ ఇస్సాకు

—

బహదూర్‌పురా,
1938 జూలై 29

ప్రియమైన ఆగమ్మా,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేదు. పని ఎక్కువని అనుకొని ఉంటావు. పని కాదు. నీకు ఎలా చెప్పాలో తెలియక రాయలేదు.

ఖదీజా చనిపోయింది. ఆదివారం పొద్దున.

మందు వేసిన మర్నాడే పంజరం అడుగున పురుగులు పడ్డాయి, ఉడికించిన సేమియాల్లా తెల్లగా, పదో పన్నెండో. పనిమనిషి సక్కుబాయి చూసి కేకపెట్టింది. ఇక్బాలున్నీసా పరుగెత్తుకొచ్చింది. చక్కెర నీళ్లకు పురుగులు పడవని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఒక్క మాట అనలేదట. అప్పటికి బిడ్డ బాగానే ఉంది. వారం తిరిగేసరికి చిలక కర్ర మీదికెక్కి కూర్చుంది. అదే వారం బిడ్డకు జ్వరం తిరగబెట్టింది.

నాకు తెలుసు, మియాదీ జ్వరం అలా తిరగబెట్టే జ్వరమే. మనుషుల దవాఖానాకు వెళ్లి అక్కడి డాక్టరును అడిగాను కూడా. ఎంతోమందికి అలాగే వస్తుందని, చిలకకూ దానికీ ఏ సంబంధమూ లేదని ఆయన నవ్వాడు. రోడ్డు మీదికి వచ్చి చాలాసేపు నిలబడ్డాను. నేను వెళ్లింది డాక్టరు మాట వినడానికా, నా నేరం కాదని ఎవరితోనైనా అనిపించుకోవడానికా అని నా మీద నాకే అసహ్యం వేసింది. మందు వెయ్యడం తప్పు కాదు. కానీ బిడ్డ కోసం ప్రాణం ఉగ్గబట్టుకొని కూర్చున్న తల్లికి నవ్వుతూ అబద్ధం చెప్పాను. చెప్పి, నీకు గొప్పగా రాసుకున్నాను. ఆ ఉత్తరం నీ దగ్గర ఉంటే చింపెయ్యి.

జనాజాకు, బిడ్డ అంతిమయాత్రకు, వెళ్లాను. దూరంగా గోడ పక్కన నిలబడ్డాను. చాచా నన్ను చూసి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "మనిద్దరం గూడి చేసినం బేటా" అన్నాడు. కాదు చాచా అని గట్టిగా చెప్పాల్సింది నేనే. చెయ్యి విడిపించుకొని గోడ వైపు తిరిగాను.

నిన్న సక్కుబాయి పంజరం తెచ్చి మన గుమ్మంలో పెట్టింది. "అమ్మ జెప్పింది, నీ చిలక నువ్వే పెట్టుకో అని" అంది. అంతే, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఈ పది రోజులూ పంజరం కడిగే దిక్కు లేదు. రెట్ట అట్టలు కట్టి ఉంది. ఉప్పునీళ్లలో వేసి చూశాను, మళ్లీ గుడ్లు, ముందుకంటే ఎక్కువ. చిలక మళ్లీ చిక్కిపోతోంది. ఎల్లుండి రెండో మోతాదు వేస్తాను. దీన్నైనా దక్కించుకోవాలి. ఎందుకో అడగకు.

నీ ఇస్సాకు

—

బహదూర్‌పురా,
1938 ఆగస్టు 14

ఆగమ్మా, నా తల్లీ,

దీనమ్మకు జ్వరం విడిచిందన్న నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చదువుకుంటూ దవాఖానా మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. గాడిద పట్టుకొని నిలబడ్డ చాకలి ఈశ్వరయ్య బెదిరిపోయి నీళ్లు తెచ్చాడు. దేవునికి స్తోత్రం. ఇప్పుడు నేను నీకు చెప్పవలసింది ఒకటి ఉంది. పాస్టరుగారికి చెప్పలేదు, చెప్పను కూడా.

దీనమ్మ అయిదు రోజులుగా జ్వరంతో కళ్లు తెరవడం లేదన్న నీ మొదటి ఉత్తరం జూలై ముప్పైన వచ్చింది. డాక్టరుగారు తిరిగి రాలేదు, నాకు సెలవు ఇచ్చేవాళ్లు లేరు. ఆ మర్నాడే చిలకకు రెండో మోతాదు వెయ్యాలి. మందు నూరాను. ఆముదంలో కలిపాను. చిలకను గుడ్డలో చుట్టి ఎడమ చేతిలో పట్టుకున్నాను. గొట్టం దాని ముక్కు దగ్గరికి తీసుకెళ్లేసరికి చెయ్యి ఆగిపోయింది.

దీనికి నయమైతే ఆ బలా యాడికి పోతది? ఇక్బాలున్నీసా గొంతే నా చెవిలో పడింది.

రేపు వేద్దామనుకున్నాను. మర్నాడు కూడా అలాగే అనుకున్నాను. రోజూ గుడ్లు చూసే మనిషిని, గాజుపలక తుడిచి పెట్టేశాను. చిలక మూలకు చేరి ఈకలు రేపుకుంటే నాకు ధైర్యం వచ్చేది. ఆ ధైర్యం ఎలాంటిదో నీకు రాయాలంటే సిగ్గుగా ఉంది. ఒక రోజు కాస్త గింజలు తిని కర్ర ఎక్కితే టపా బంట్రోతు కోసం వీధి చివరి దాకా పరుగెత్తాను, ఏం వస్తుందోనని. మందు వెయ్యకుండా చూస్తూ కూర్చొని దాన్ని చంపాను ఆగమ్మా. మొన్న శుక్రవారం పొద్దున అడుగున పడి ఉంది.

శనివారం నీ ఉత్తరం. అందులో రాశావు, బిడ్డకు జ్వరం మంగళవారమే విడిచిందని. మంగళవారం! చిలక ఇంకా మూడు రోజులు బతికే ఉంది. చిన్న సీసాడు మందుతో బతికేది, ఊరికే చచ్చింది.

ఈ రోజు ఆరాధనకు వెళ్లలేదు, కిషన్‌బాగ్ వెళ్లాను. చాచా మంచం పట్టాడు, నన్ను చూసి కళ్లు మూసుకున్నాడు. పరదా ముందు కూర్చొని అంతా చెప్పాను. చక్కెర నీళ్లన్న అబద్ధం దగ్గర మొదలుపెట్టి, ఏదీ దాచలేదు.

"నా బిడ్డకు మంగళారమే జ్వరం విడిసింది ఆపా. చిలక శుక్రారం దాకా ఉన్నది. అది ఎవ్వల బలా తీసుకపోలేదు. దానియి పురుగులు, మన బిడ్డలయి జ్వరాలు. నేను మందేసినందుకు ఖదీజా పోలేదు."

పరదా దగ్గరికి జరిగి కూర్చున్న చప్పుడైంది. తర్వాత, "నీ బిడ్డ బాగున్నదా?" అని అడిగింది.

"బాగున్నది."

"అల్లా సల్లగ జూడాలె. అయితె నా ఖదీజా ఏం లేకుంటనే పోయిందా భాయ్?"

నేను చాప అంచు పీచులు లాగుతూ కూర్చున్నాను.

"గిన్ని దినాలు నీ మీది కోపంతోటి లేసిన, కోపంతోటే ఇంత తిన్న. ఇప్పుడొచ్చి గదీ లేదంటున్నవ్. నేను ఎవ్వల మీద పెట్టుకోవాలె?"

ఆమె బరువు దించుదామని వెళ్లాననుకున్నాను. దించుకోవాలనుకుంది నా బరువే. లేచి గుమ్మం దాకా వచ్చాను. చెప్పులు వేసుకోలేక మళ్లీ వెనక్కి వెళ్లి, "నా మీదనే పెట్టుకో ఆపా. అబద్ధం జెప్పింది నేనే గదా" అన్నాను.

కాసేపటికి పరదా వెనక ఏడుపు మొదలైంది. సక్కుబాయి, ఖదీజా పోయిన నాటి నుంచి అమ్మ ఇట్ల ఏడ్వలేదని చెప్పి నన్ను పంపించేసింది.

డాక్టరుగారు గురువారం వస్తారట. ఆ రాత్రి బండికే మెదక్ వస్తాను. అందాకా దీనమ్మకు కాచిన నీళ్లే తాగించు, గట్టి అన్నం అప్పుడే పెట్టకు. జ్వరం తిరగబెడుతుందేమోనని నాకు ఇంకా భయంగానే ఉంది.

నీ ఇస్సాకు