చింతగింజల ముందు కూర్చున్న సారు

రాజక్కా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. బతికున్నా ఈ ఉత్తరం చదవలేకపోయేదానివి. అయినా నీకే చెప్పాలి.

రెండో తరగతిలో వేళ్ల మీద లెక్కపెట్టావని, స్కేలుతో నీ కణుపులు వాచేలా కొట్టిన లెక్కల సారు ఉన్నాడు కదా. ఆ మర్నాటి నుంచి నువ్వు బడికి పోలేదు. నాయనేమో బొగ్గుబాయి డ్యూటీలో, అడిగే దిక్కే లేదు. చివరికి దవాఖాన మాత్రలు కూడా నా చేతే లెక్కపెట్టించేదానివి.

సోమవారం ఆ సారు తన మనవరాలిని గోదావరిఖనిలో నేను పాఠం చెప్పే ఒకటో తరగతికి తీసుకొచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు. పిల్లలు నేల మీద చింతగింజలు పదేసి కుప్పలు పోస్తుంటే, ఆ పిల్ల కూడా కూర్చుని వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టసాగింది.

"వేళ్లు ముడవకు!" అని సారు కసిరాడు. పిల్ల చేతులు వెనక దాచుకుంది.

"సారూ, మీరు గూడ కింద కూసోండ్రి. రెండు చేతులు చాపుండ్రి," అన్నాను.

పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులంతా చూస్తుండగా, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.

"బిడ్డా, తాత వేళ్లు ముడుసుకుంట లెక్కవెట్టు," అన్నాను. ఆ పిల్ల పది దాకా చెప్పింది.

అప్పుడు నీ పేరు చెప్పాను. నువ్వెందుకు బడి మానేశావో అందరికీ వినబడేలా చెప్పాను.

సారు ముఖం పాలిపోయింది. "తప్పయింది బిడ్డా, మాఫ్ చెయ్యి."

"అది మా అక్కను అడగాలె సారూ. అక్క లేదు."

జాలి కలుగుతుందేమో అనుకున్నాను. కలగలేదు. పిల్లను చేర్చుకున్నాను. రోజూ ఇంటికి పోయి, తాత ఎదుటే కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టమని హోంవర్కు ఇచ్చాను.

నీ చెల్లె