మన బోరు నీళ్ళ సీసా

మైపాడు, ఆదివారం

అమ్మా, నీ ఫోను బాగయ్యేదాకా ఈ కార్డుతోనే సరిపెట్టుకో. నా ఉద్యోగం పోలేదు, చేపలూ చావలేదు.

లాడ్జిలో ఉప్పునీళ్ళ చేపల తొట్టె చూసుకునేది నేనే కదా. ఉప్పు కొలిచే మీటరు అద్దం మీద ముందు మంచినీళ్ళ చుక్క వేసి, మర తిప్పి గీతను సున్నాకు తేవాలి. నేను ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలోని నీళ్ళు వేశాను. మీటరు తొట్టెలో ఉప్పు తక్కువని చూపిస్తుంటే ఇంకా ఉప్పు కలుపుతూ పోయాను. చేపలు మేత ముట్టడం మానేశాయి. మేనేజరు కిషోర్ బాబు గారు ఆ సీసా ఎత్తి ఒక గుక్క తాగి, "ఏందమ్మా నవోమీ, ఇవి మంచినీళ్ళా? పప్పులో పోస్తే ఉప్పు వేసే పన్లేదే!" అని ఒకటే నవ్వు. మన బోరు నీళ్ళు ఉప్పనని నాకు ఇన్నేళ్ళకు తెలిసింది! ఆ ఉప్పునే మీటరు సున్నా అనుకుందన్నమాట. మీటరును క్యాను నీళ్ళతో సరిచేసి, తొట్టెలో నీళ్ళు కొన్ని మార్చాం. ఇప్పుడు చేపలు మేతకు ఎగబడుతున్నాయి.

చెల్లికి దగ్గు తగ్గిందా? మేక ఈనిందా? చర్చిలో అందరికీ నా వందనాలు చెప్పు, ప్రార్థనలో నన్ను మరవొద్దు.

మన సమాధానం మామ ఇటు వస్తే ఇంకో సీసా మన నీళ్ళు పంపు. మీటరుకు కాదులే, నాకు. ఈ క్యాను నీళ్ళు ఎన్ని తాగినా దాహం తీరడం లేదు.

నీ నవోమి