నానమ్మ లంగాకు అద్దాలు

సంగీతా, పదింటికల్లా మేకలను విప్పు. నేను బోనకల్‌లో రైలెక్కి సిర్పూర్ దిక్కు గుట్టల ఊరికి పోతున్నా. ఆఖరి రైలుకు వస్తా.

నానమ్మ తన అద్దాల లంగా కోసం పెట్టె వెతికితే, నీ స్నేహితురాలు చూడ్డానికి తీసుకుపోయిందని చెప్పు. అద్దాలు రాలిన లంగాతో తీజ్ పండుగకు ఆడనని కూర్చుంది. పోయినసారి పెద్ద అద్దాలు తెస్తే, "ఇవి నీ మొహం చూసుకోనీకి దాచుకో" అని విసిరింది. అందుకే ఈసారి లంగానే సంచిలో పెట్టుకున్నా. ఆ ఊళ్ళో సగం మంది తెలుగు, సగం మంది మరాఠీ మాట్లాడతారు. అద్దాలమ్మే కొట్టాయనకు ఏ భాష వచ్చినా సరే, లంగా చూపిస్తే చాలు.

మీ తాత గోప్యా

పండుగకు మీ పిల్లలంతా బాగానే ఆడతారు. నానమ్మ ఆడకపోతే నేను ఎవరిని చూడాలె, నువ్వే చెప్పు.