రాళ్లు లేని బియ్యం

తమ్మీ కిషన్,

అమ్మ స్కాన్ రిపోర్టు తేనీకి ఆస్పత్రికి పోతున్న. నువ్వు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె పండుకొని ఉంటది. ఎనిమిదింటికి లేపి నొప్పి గోలీ ఇయ్యి. "ఇప్పుడు నొప్పి లేదు, ఎందుకు?" అంటది. ఇనకు. నొప్పి లేవకముందే టైముకు వెయ్యాలన్నడు డాక్టరు. మింగిందాంక పక్కనే నిలబడు. నిన్న ఉతుకుదామని దిండు గలీబు తీస్తే గోలీలు జలజల రాలినయ్. ఏందమ్మా ఇది అంటే, "అన్ని ఇప్పుడే మింగితే, ఇంకా ఎక్కువైన నాడు ఏం జేస్త బిడ్డా?" అన్నది. ఊరగాయ దాసినట్టు దాస్తున్నది!

గిన్నెల జావ ఉన్నది, జెర వెచ్చజేసి తాగిపియ్యి. నొప్పి ఉన్నదా అని మాత్రం అడగకు, నీకు నిజం చెప్పదు. నిన్ను జూడంగనే "మంచిగనే ఉన్న కొడుకా" అని నవ్వుతది. మూలుగుడు నా ముందల, నవ్వుడు నీ ముందల. నాకు మండదా?

బియ్యం చాట అడిగిందంటే నొప్పి లేసినట్టే. రాళ్లు ఏరుకుంట కూసుంటది. ప్యాకెట్ బియ్యంల రాళ్లెక్కడియి? అయినా ఏరుతది. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, డాక్టరును అడిగి చెప్త.

ఆటో హారన్ కొడుతున్నడు. రిపోర్టు సంగతి ఆమె ముందల ఎత్తకు.

అక్క

నిన్న కోపంల ఆ చాటను అటక మీద పారేసిన. ఇయ్యాల తీసి మళ్ల మంచం కిందనే పెట్టిన. అడిగితే ఇయ్యి. నువ్వు సుత పక్కన కూసొని ఏరు. అండ్ల రాళ్లు లేవని మాత్రం అనకు.