వెనక్కి నడిచిన పిల్లవాడు

ప్రియమైన పెద్దాడికి,

ప్రభువు ఆ పరదేశంలో నిన్నూ నీ క్రేన్‌నూ స్థిరంగా నిలబెట్టుగాక. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆచారం కాబట్టి రాస్తున్నాను. నీ ఉత్తరం అందింది. ఫోన్ ఉండగా ఈ తల్లీకొడుకులకు ఉత్తరాలేమిటని కోడలు నవ్వుతుంది. ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే ఇంటిల్లిపాదీ దాని చుట్టూ మూగుతాం. నీ వెనకేమో నీ గదివాళ్ళ గోల. అలాంటి చోట ఎండావానల గురించి తప్ప మాట్లాడలేం. ఈ కాగితం మాత్రం నీ ఒక్కడికే. తలుపు వేసుకుని చదువు.

ముందు నువ్వడిగినవి. నా మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కేటప్పుడు అదొక మాట, నేనొక మాట అనుకుంటాం, చివరికి ఎలాగో ఇద్దరం పైకి చేరతాం. వంటింటి పంపు కారడం మానలేదు. ప్లంబరు వచ్చాడు, చూశాడు, తల పంకించాడు, టీ తాగి వెళ్ళాడు. కోడలికి ఈ నెలంతా ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ. ఇక నీ కూతురు, చిన్నది, బళ్ళో దేవుడి పాట కాకుండా లోకపు పాట పాడిందట కదా అని అడిగావు. నీకెవరు చేరవేశారో నాకు తెలుసు. పిలిచి పాడించుకున్నాను. అందులో వాన ఉంది, గొడుగు ఉంది, గొడుగు కింద ఒక కప్ప ఉంది. కప్ప నడవడి గురించి విచారించాను. లోపమేమీ కనిపించలేదు.

నీ భయాన్ని ఎగతాళి చెయ్యడం లేదు. జీవితమంతా లెక్కలు చెబుతూ పిల్లల మధ్య గడిపినదాన్ని. చెడ్డది చూడగా చూడగా కన్ను మొద్దుబారుతుంది. ఎదురుగా వచ్చే ఆడపిల్ల మనిషిగా కాక అంగడి సరుకుగా కనిపించడం మొదలైతే మగపిల్లాడి నవ్వే మారిపోతుంది, ఆ నవ్వు నేను గుర్తుపట్టగలను. పవిత్రత అనేది పాతకాలపు మాట అనేవాళ్ళతో నాకు పొత్తు లేదు. అందుకే నువ్వు ఉత్తరానికో నిషేధం పంపినా పాటించాను. కేబుల్ తీయించమన్నావు, తీయించాను. చిన్నదాని గోడ మీది బొమ్మలు చింపమన్నావు, చింపాను. నీ కొడుకు స్నేహితుల్ని గుమ్మంలోనే ఆపమన్నావు, ఆపాను. ఈ వయసులో నాకిదో కాపలా ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు. అలిసిపోయాను రా.

ఇక పిల్లాడి బాప్తిస్మం ఆగిపోయిన సంగతి. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పాను. ఇప్పుడు పూర్తిగా చెబుతాను, విను.

ఆ సాయంత్రం చర్చి స్త్రీల ప్రార్థన కూడిక మనింట్లో. ముందుగది నిండిపోయింది. "కొత్త పాట టీవీలో పెట్టండి, మాటలు చూస్తూ పాడదాం" అంది పాస్టరమ్మ. రిమోట్ నేనే తీసుకున్నాను, చదువుకున్నదాన్ని కదా. తెర నిండా బొమ్మలొచ్చాయి. ఎలాంటివో రాయను, నా కలం ఇంతవరకు అలాంటి చోటికి వెళ్ళలేదు. పైగా "సగంలో ఆపారు, ఇక్కడినుంచి చూడండి" అని ఎంతో మర్యాదగా పిలుస్తున్నాయి. అందరూ తలలు దించుకున్నారు. "కళ్ళజోడు మరిచిపోయాను, బైబిలు వాక్యం చదవలేను" అని అప్పుడే చెప్పిన కుట్టుమిషను అక్కకి మాత్రం కళ్ళజోడు లేకుండానే అన్నీ కనిపించాయి.

ఇంట్లో ఉన్న మగపిల్లాడు ఒక్కడే. పదహారేళ్ళవాడు. జ్వరంతో వెనకగదిలో పడుకుని ఉన్నాడు. నేను లేపి తీసుకొచ్చి అందరి ముందు నిలబెట్టాను.

"ఇది నీ పనేనా?"

వాడు తెరని చూశాడు. నన్ను చూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మని చూశాడు. తర్వాత నేలని చూశాడు.

"సారీ నానమ్మా" అన్నాడు.

అంతే, తీర్పు అయిపోయింది. పాస్టరుగారు వాడి బాప్తిస్మం ఆపేశారు. యవ్వనస్తుల కూడికలో వాడి పక్కన కూర్చోవద్దని ఇద్దరు తల్లులు తమ పిల్లలకి చెప్పారు.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. మూడు కాగితాలు, వాడి కోసం. భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ చదవమన్నావు. చదివాను, బళ్ళో చదివినట్టే, చివరి బెంచీ దాకా వినపడేలా. ఒకరు చూస్తే ఒకలా, చూడకపోతే ఒకలా బతికేవాడు మనిషే కాదని రాశావు. ఇలాంటి కొడుకుని కన్నందుకు తలెత్తుకోలేకపోతున్నానని రాశావు. చిన్నది ఏడ్చింది. వాడు నిలబడే అంతా విన్నాడు. అయ్యాక తన కంచం తీసి కడిగి బోర్లించి, "నాన్న చేతిరాత బాగుంటుంది కదా నానమ్మా" అన్నాడు. పొగరనుకున్నాను. అందుకు విడిగా మరో ఉపన్యాసం ఇచ్చాను.

పోయిన వారం వాడు సైన్సు పోటీకని వేరే ఊరు వెళ్ళాడు. అంతకుముందు ఆదివారం నువ్వు ఫోన్లో ఒక ప్రసంగం గురించి చెప్పావు, గుర్తుందా? బైబిల్లో, యజమాని భార్య పైబట్ట పట్టుకుంటే దాన్ని వదిలేసి పారిపోయిన కుర్రవాడి మీద. "సగం విన్నానమ్మా, చాలా బాగుంది, నువ్వూ విను" అన్నావు. ఆ పొద్దున కోడలు ఆలస్యమై టీవీ పెట్టకుండానే డ్యూటీకి వెళ్ళింది. మధ్యాహ్నం పని ముగించి విందామని కూర్చున్నాను. పెట్టగానే అది సగం నుంచి మొదలైంది. నేనింకా ఒక్క ముక్క విననిది సగం నుంచి ఎలా మొదలవుతుంది? వెనక్కి వెళ్ళి చూశాను. ఆ ప్రసంగం పక్కనే, అదే వరసలో, మళ్ళీ ఆ బొమ్మలు. కొత్తవి. వాటినీ ఎవరో సగంలో ఆపారు. పిల్లాడేమో ఊళ్ళోనే లేడు.

నాకు లెక్కలు వచ్చు, పెద్దాడా.

టీవీ కట్టేసి అలాగే కూర్చున్నాను. కోపం వస్తుందేమోనని చూశాను. దానికీ ఓపిక ఉండాలి.

పిల్లాడు తిరిగొచ్చాక మేడ మీద ఆరిన బట్టలు తీస్తూ అడిగాను.

"ఆ బొమ్మలు నీవి కావు కదూ?"

"ఏ బొమ్మలు?"

"ఒరే, నేను ముసలిదాన్నే గానీ మొద్దుని కాదు."

దుప్పటి దులిపాడు. "నావని నేనెప్పుడన్నాను? నువ్వే అన్నావు."

"మరి సారీ ఎందుకు చెప్పావు?"

"అందరి ముందూ నీకు కష్టం కలిగింది కదా. అందుకు."

"ఎవరివో తెలుసా నీకు?"

తీగ మీది క్లిప్పులు ఒక్కొక్కటే తీశాడు. "టీవీలో ఉన్నది నాన్న అకౌంటే కదా నానమ్మా. అక్కడ ఏది చూసినా ఇక్కడ కనిపిస్తుంది."

పోయినేడాది నుంచి వాడికి తెలుసట. డ్యూటీకి వెళ్ళేముందు కోడలు టీవీలో వాక్యం పెట్టుకుంటుంది కదా. ఆమె కంటే ముందే లేచి వాటిని చెరిపేసి, మళ్ళీ వెళ్ళి పడుకుంటున్నాడు. పొద్దున్నే లేస్తున్నాడంటే చదువు మీద శ్రద్ధ అనుకుని నేను నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. జ్వరమొచ్చినప్పుడు లేవలేకపోయాడు. వాడి పక్కన కూర్చున్న కోడలు టీవీ జోలికే పోలేదు. కూడిక రోజున నేను పెట్టాను.

"మరి నాన్న అకౌంటు తీసేస్తే పోయేదిగా?"

"తీసేస్తే నాన్నకి కబురెళ్తుంది. మనం చూశామని తెలిసిపోతుంది. అప్పుడింక ఫోన్ కూడా చెయ్యడు."

బైబిల్లో నావ కట్టిన ముసలాయన కథ నీకు చిన్నప్పుడు నేనే చెప్పాను. తాగి డేరాలో ఒంటిమీద బట్ట లేకుండా పడి ఉంటే, ఇద్దరు కొడుకులు బట్టను భుజాల మీద వేసుకుని, తండ్రిని చూడకుండా వెనక్కి నడిచి వెళ్ళి కప్పారు. ఆదివారపు బడిలో ఎన్ని తరాల పిల్లలకు చెప్పానో. అలాంటి కొడుకు నా ఇంట్లోనే తిరుగుతుంటే పోల్చుకోలేకపోయాను. పిల్లల మొహం చూసి నిజమూ అబద్ధమూ తేల్చేస్తానని నాకో గర్వం ఉండేది. అది పోయింది, మంచిదే. వాణ్ణి క్షమించమని అడిగాను. వాడు ఇబ్బందిపడి, "సరేలే నానమ్మా, దుప్పటి ఆ కొస పట్టుకో" అన్నాడు.

ఆ మూడు కాగితాలు రాసేటప్పుడు ఆ బొమ్మలు నీవేనని నీకు తెలుసా? జవాబు నాకు రాయొద్దు. తెలుసంటే భరించలేను, తెలియదంటే నమ్మలేను.

నిన్ను చెడ్డవాడని కొట్టిపారెయ్యడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పొద్దస్తమానం ఆకాశంలో ఆ క్రేన్ గాజుపెట్టెలో ఒక్కడివే కూర్చుంటావు. దిగాక గదిలో ఎందరున్నా ఒంటరివే. నాకు తెలుసు. కానీ ఆ తెర మీది ఆడపిల్లలు కూడా ఎవరో ఒక తల్లి కన్నవాళ్ళే, వాళ్ళనలా చూసిన కళ్ళతోనే ఆదివారం చిన్నదాన్ని చూసి నవ్వుతున్నావు. లోకం లోపలికి రాకుండా ఇంటి చుట్టూ గోడ కట్టించావు, రాళ్ళన్నీ నా చేత మోయించావు. ఆ లోకం నీ గదిలోంచే వచ్చింది.

పాస్టరు దగ్గరికి వెళ్ళాను. నా దగ్గర చదువుకున్నవాడే కాబట్టి వంకరలు లేకుండా మాట్లాడుకున్నాం.

"పిల్లాడి తప్పేం లేదు బాబూ. నేనే పొరబడ్డాను."

"మరి ఆ బొమ్మలు ఎవరివమ్మా?"

"బాప్తిస్మం అడిగింది పిల్లాడు. బొమ్మలు అడగలేదు."

ఆయన లేచి క్యాలెండరు తిప్పాడు. బహుశా లెక్క ఆయనకీ వచ్చేసి ఉంటుంది. వచ్చే నెల మొదటి ఆదివారం బాప్తిస్మం ఇస్తానన్నాడు. స్త్రీల కూడికలో నిలబడి, పిల్లాణ్ణి అన్యాయంగా నిందించానని చెప్పాను. ఎవరివో చెప్పలేదు. చాలామంది నీ వైపే ఊహించుకుని ఉంటారు, దానికి నేను చెయ్యగలిగింది లేదు.

టీవీలో నీ అకౌంటు తీయించాను. నీకు కబురు వచ్చే ఉంటుంది. ఎవరా అని కంగారుపడకు, నేనే. కోడలికి చెప్పలేదు. అమ్మ దాచిందని సంబరపడకు, నీకు కాస్త వ్యవధి ఇచ్చాను, అంతే. కప్పడం కొడుకు వంతు. లేచి బట్ట కట్టుకోవడం తండ్రి వంతు. అక్కడ కూడికకు వచ్చే పెద్దవాళ్ళలో నోరు అదుపులో ఉన్నవాడెవరైనా ఉంటే ఆయన ముందు కూర్చుని చెప్పుకో. దీన్ని గదిలో ఒంటరిగా గెలిచినవాణ్ణి నేను చూడలేదు. తర్వాత కోడలికి చెప్పు. అన్నిటికంటే ముందు పిల్లాడికి చెప్పు.

నిన్న వాడు నా మంచం మీద కూర్చుని, "నువ్వు రాసే ఉత్తరం అందాక ఆదివారం నాన్న ఫోన్ చేస్తే నేనేం మాట్లాడాలి నానమ్మా?" అన్నాడు.

"నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఈసారి మాట్లాడేది మీ నాన్న" అన్నాను.

"నాన్న చెప్తాడంటావా?"

"చెప్తాడు."

నిన్ను అడక్కుండానే నీ తరఫున మాటిచ్చేశాను.

ఇట్లు,
నీ మీద ఆశ వదులుకోని
అమ్మ